పంటి మీద గీత

శవం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు కనిపించింది.

2019 జూన్ 13. గురువారం. నల్గొండకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో దేవరగుట్ట. ఊరి బయట పాడుబడిన గ్రానైట్ క్వారీ. గుంత నిండా నీళ్లు. నీళ్ల మీద ఆకుపచ్చ చుడీదార్.

మొదట చూసింది గొర్రెలు. తర్వాత వాటి వెనక ఉన్న ఐలేశం. గొర్రెలు స్టేట్‌మెంట్ ఇవ్వవు కాబట్టి ఐలేశమే ఇచ్చాడు.

"మూడు దినాల సంది గీడనే మేపుతున్న సారూ. అరుపు ఇనలే, కేక ఇనలే. నాకేం ఎరుకలే."

పన్నెండున్నరకు పోస్ట్‌మార్టం. స్త్రీ. పాతికకూ ముప్పైకీ మధ్య. చనిపోయి సుమారు రెండు రోజులు. నీళ్లకు ఉబ్బి, రాళ్లకు గీరుకుపోయి, మొహంలో పోల్చుకునేందుకు ఏమీ మిగల్లేదు.

నోరు మిగిలింది.

నోట్లో పుండ్లు. పెదాల మూలలు పగిలి ఉన్నాయి. నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. పొట్టలో ఆకుపచ్చ ద్రవం. ముందు పళ్ల మీద గోధుమరంగు గీతలు, చిన్న చిన్న గుంటలు.

ఈ నాలుగు ముక్కలూ చదివితే ఈ జిల్లాలో పాలపాకెట్లు వేసేవాడు కూడా కేసు తేల్చేస్తాడు. పుండ్లు, ఆకుపచ్చ ద్రవం అంటే గడ్డి మందు. పొలంలో కలుపును మాడ్చే మందు, మనిషి నోటినీ అలాగే మాడుస్తుంది. గీతల పళ్లంటే ఫ్లోరైడ్. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషన్న మాట.

మిస్సింగ్ రిజిస్టర్‌లో సరిగ్గా అలాంటి మనిషే ఉంది. సుహాసిని. ఇరవై ఏడేళ్లు. పుట్టిల్లు మర్రిగూడ దిక్కు ఎర్రగుంటపల్లి. జూన్ 9, ఆదివారం నుంచి కనిపించడం లేదు. భర్త నరేశ్‌కు దేవరగుట్టలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. గడ్డి మందు మూడో అరలో ఉంటుంది. భార్యను కొట్టాడని అతని మీద అంతకుముందే రెండు ఫిర్యాదులు. రెండుసార్లూ కౌన్సెలింగ్ చేసి, చాయ్ తాగించి, కలిపి పంపారు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలకు సుహాసిని తల్లి ఈదమ్మ వచ్చింది. యాభై రెండేళ్లు. ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగిన మనిషి. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. అలాగే తిరిగి, గుడ్డ పైకెత్తి, శవం నోట్లోకి చూసింది.

"గివే పండ్లు. నా బిడ్డవే."

ఆరింటికి శవాన్ని అప్పగించారు. ఆ రాత్రికే ఎర్రగుంటపల్లిలో పూడ్చారు. తొమ్మిదింబావుకు నరేశ్ అరెస్టు. పద్నాలుగు గంటల్లో మిస్టరీ వీడిందని మర్నాడు పేపర్లో వచ్చింది. ఎస్సైగారి ఫొటో కూడా వచ్చింది.

తర్వాత ఆయన ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయాడు. ఫైలు ఉండిపోయింది.

*

ఆగస్ట్ 19. సోమవారం. పదకొండు గంటల ఐదు నిమిషాలు.

కొత్త ఎస్సై శైలజ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన కవరు చింపింది. దేవరగుట్ట స్టేషన్‌కు వచ్చి ఆమెకు రెండు వారాలు. ఈ రెండు వారాల్లో ఆమెకు దొరికిన మొట్టమొదటి ఆసక్తికరమైన కాగితం ఇదే.

విషం ఏదీ కనబడలేదు. పొట్టలోని ద్రవం ఏదో ఆకుల రసం.

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత ఏఎస్సై పరశురాములును పిలిచింది. రిటైర్మెంట్‌కు ఏడాదే ఉన్న మనిషి. ఏ విషయానికీ తొందరపడడు.

"గడ్డి మందు లేదంట."

"లేదా?" అన్నాడు పరశురాములు. "మరి నోరు గట్ల ఎట్ల కాలింది మేడం?"

"అదే అడుగుతున్న. డీఎన్‌ఏ పంపలేదా?"

"కన్నతల్లి గుర్తువట్టినంక డీఎన్‌ఏ ఎందుకు మేడం? తల్లి కంటె పెద్దదా అది?"

"మొహం లేదు. తల్లి ఏం చూసి గుర్తుపట్టింది?"

"పండ్లు. మా దిక్కు పండ్లే ఆధార్ కార్డు మేడం." నవ్వి తన కార్డు చూపించాడు. గోధుమరంగు కార్డు.

శైలజ ఫైల్లోంచి శవం నోటి ఫొటో బయటికి తీసింది. ఫొటో చూసింది. పరశురాములును చూసింది.

"మళ్లొకసారి నవ్వండి."

"ఎందుకు మేడం?"

"డ్యూటీ."

ముప్పై ఏళ్ల సర్వీసులో అతను ఆర్డర్ మీద నవ్వడం అదే మొదటిసారి. అతని పళ్ల మీద మరకలు మబ్బుల్లా అంతటా కమ్ముకుని ఉన్నాయి. ఫొటోలోని పళ్ల మీద మబ్బులు లేవు. ఒక గీత ఉంది. పంటి నుంచి పంటికి ఒకే ఎత్తులో.

*

మూడున్నర. జైలు ములాఖత్ గది.

నరేశ్ చిక్కిపోయాడు. దానివల్ల మంచివాడిలా కనిపిస్తున్నాడు. శైలజ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"శవాన్ని చూసినవా?"

"చూసిన."

"నీ భార్యేనా?"

"కాదన్న మేడం. ఆ సారుకు అప్పుడే చెప్పిన. ఎట్ల చెప్తవ్ అన్నడు."

"ఎట్ల చెప్పినవ్?"

నరేశ్ నేల చూశాడు. "చెప్పలేకపోయిన."

"ఆ రోజు ఏం బట్టలు కట్టుకుంది?"

"యాది లేదు."

"పండ్లు ఎట్లుంటయి?"

"పండ్లంటె... అందరి పండ్లలెక్కనే."

"పెండ్లై ఎన్నేండ్లు?"

"నాలుగు."

"ఆదివారం కొట్టినవా?"

నరేశ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నాలుగేళ్లలో పెళ్లాం పళ్లు ఒక్కసారైనా చూసి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాడు. ఆ మాట పైకి అనలేదు. లేచి వచ్చేసింది.

*

మంగళవారం. తొమ్మిదీ ఇరవై.

ప్రభుత్వ దంత వైద్యుడు కృష్ణకాంత్. పద్దెనిమిదేళ్లుగా ఊరూరా తిరిగి ఫ్లోరైడ్ సర్వే కార్డులు నింపుతున్న మనిషి. ఎవరు ఎదురైనా మొహం కన్నా ముందు నోరు చూస్తాడు. పెళ్లిచూపుల్లో కూడా అదే చూశాడని వాళ్లావిడ ఇప్పటికీ చెబుతుంది.

ఫొటోను కిటికీ వెలుతురులో పెట్టాడు. భూతద్దం తీశాడు.

"ఎవరన్నరు ఫ్లోరైడ్ అని?"

"అందరూ."

"ఫ్లోరైడ్ గోడకు చెమ్మ పట్టినట్టు ఉంటది మేడం. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది చెప్పలేం. ఇది చెమ్మ కాదు. వరద నీళ్లు ఎంత ఎత్తుదాక వచ్చి తీసినయో గోడ మీద గీత పడ్తది చూడండి, అది. కుడిపక్క ఎట్లుందో ఎడమపక్క అట్లనే. పైన ఎట్లనో కింద అట్లనే. ముందు పండ్లకు, మొదటి దవడ పండ్లకు మాత్రమే. వెనకాలవి చూడండి, శుభ్రంగ ఉన్నయి."

"అంటే?"

"ఈ పండ్లు చిగురు లోపల తయారయ్యేది ఏడాది నుంచి నాలుగేండ్ల వయసులో. ఆ టైంల ఒంటికి ఏదో పడలేదు. తర్వాత అది తినుడు ఆగింది. తర్వాత తయారైన పండ్లు బాగానే వచ్చినయి."

"ఏం పడలేదు?"

"నన్నడిగితే, గోధుమ."

పరశురాములు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గోధుమలు గూడ పడవా సార్? షుగరొచ్చిందని మా ఇంటామె మూడేండ్ల సంది నాకు చపాతీలే పెడుతాంది."

"మీకు పడ్తయి."

"పడ్తయి గని మింగుడు వడ్తలేవు."

కృష్ణకాంత్ భూతద్దం పుండ్ల మీదికి జరిపాడు. "గడ్డి మందైతే నోరంత, గొంతుదాక ఒక్కపాలి మాడ్తది. ఇవి చూడండి. ఇది కొత్త పుండు. ఇది మానుతున్నది. ఇది మానిన మచ్చ. అంటే నెలల సంది వస్తున్నయి, పోతున్నయి. నాలుక మీద గరుకు ఉండాలె, అది అరిగిపోయింది. మూలలు చీలినయి. తిన్నది ఒంటికి పడ్తలేదు, రక్తం లేదు. లోపల పేగు పాడైతున్నది. పేగు బయటికి కనబడదు కదా. నోరు కనబడ్తది. అయినా ఎవ్వరం చూడం. బీ కాంప్లెక్స్ రాసి పంపుతం."

"మీరు కూడానా?"

"నేను కూడ."

భూతద్దం కింద పెట్టాడు. "గోధుమ పడక పేగు పాడైతే సీలియాక్ అంటరు. ఖాయంగా తేల్చాలంటే రక్తపరీక్ష కావాలె, పేగు ముక్క తీసి చూడాలె. ఇప్పుడది కుదరదు. కానీ ఒక్కటి రాసిస్త. ఇవి ఎర్రగుంటపల్లి నీళ్లు తాగిన పండ్లు కావు."

*

పన్నెండూ నలభై. ఎర్రగుంటపల్లి.

ఈదమ్మ ఇల్లు ఒకటిన్నర గది. గిన్నెలు తళతళలాడుతున్నాయి. శైలజ ఎక్కడికి వెళ్లినా ముందు వంటిల్లే చూస్తుంది. అబద్ధం ఆడేవాళ్లు ముందుగదిని సర్దుకుంటారు, వంటిల్లు మర్చిపోతారు. ఈ ఇంట్లో అలా సర్దుకోవడానికి రెండో గది లేదు.

గోడమీద రెండు ఫొటోలు. ఒకటి ఈదమ్మ భర్త మారయ్యది. బొట్టు, ప్లాస్టిక్ దండ, కింద చిన్న ఎర్ర బల్బు. పక్కన సుహాసిని, కాలేజీ రోజులది. అద్దం మీద దుమ్ము లేదు. ఇంకేమీ లేదు. ఫొటోలో నవ్వుతోంది. పళ్ల మీద మబ్బులు.

"ఏం కావాలె బిడ్డా మళ్ల?" అంది ఈదమ్మ. "వాని కేసు కోర్టుకొచ్చిందా?"

"రాలేదమ్మా. చిన్న సంగతి. సుహాసినికి నోరు పూస్తుండేనా? పుండ్లయ్యేవా?"

"లేదు."

"చపాతీలు గిట్ల పడవని అంటుండేనా?"

"చపాతీలా? అవంటె పానం. రెండు పూటల తింటది."

శైలజ ఆ మాట అలాగే పుస్తకంలో రాసుకుంది. నీళ్లు తాగి బయటికొచ్చింది.

"ఏం దొరికింది మేడం?" అన్నాడు పరశురాములు జీపు ఎక్కుతూ.

"ఏం దొరకలేదు. అదే దొరికింది."

*

నాలుగూ పావు. క్వారీ.

విషం కాని ఆకురసం పొట్టలోకి ఎలా వెళుతుంది? ఎవరో పోస్తే వెళుతుంది. ఈ చుట్టుపక్కల పసరు పోసేది ఎవరని దేవరగుట్ట బస్టాపులో అడిగితే ముగ్గురు ఒకే పేరు చెప్పారు.

ఐలేశం లేచి నిలబడ్డాడు.

"పసరు పోస్తవంట."

"గొర్లకు మేడం. మూతి పుండ్లైతె పోస్త."

"మనుషులకు?"

"వస్తరు. నేను రమ్మంటనా? నోరు పూసినోళ్లు మంగళారం పొద్దున వస్తరు. మా తాత కాడికెల్లి ఉంది."

"ఎవరైనా చచ్చిపోయారా?"

"గొర్లు ఒకటో రెండో చచ్చినయి. మనుషులు చావలే."

"జూన్ పదకొండు మంగళవారమే."

ఐలేశం గొర్రెల వైపు చూశాడు. అవి ఏమీ సాయం చేయలేదు. కాసేపటికి కూలబడ్డాడు.

"పొద్దుగాల ఆరున్నరకు వచ్చింది మేడం. పాలమూరు దిక్కు పిల్ల. అన్నం గూడ మింగొస్తలేదన్నది. పోసిన. దోసెడే. మా ఆకు మంచిదే మేడం, ఒట్టు."

"తర్వాత?"

"పసరు మింగినంక ఒక కట్టుబాటు ఉంటది. కదలని నీళ్లతోటి ఏడుసార్లు పుక్కిలియ్యాలె. గంతదాంక నోరు ఇప్పొద్దు. ఎవ్వలు పలకరిచ్చినా మాట్లాడొద్దు. ఇంకేడున్నయి కదలని నీళ్లు? క్వారీ కాడికి పొమ్మన్న. మళ్ల రాలే. బస్సుకు పోయిందనుకున్న. పొద్దుగూకినంక అంచుకు చూస్తె చెప్పులు, సంచి ఉన్నయి."

"చెప్పకపోతివి?"

"పసరు పోసినోని మీదనే పడ్తరు గదా మేడం. ఇగ రెండో నాడు శవం తేలింది, సారు గడ్డి మందన్నడు. ఆమె నరేశ్ పెండ్లామన్నరు. నాకే అనుమానమొచ్చింది. నేను పోసిన పిల్ల వేరేనేమో, బస్సుకు పోయిందేమో అని."

సంచి గొర్రెల దొడ్డిలో, గడ్డి కింద ఉంది. తడవని సంచి. నోటి పుండ్లకు రాసుకునే ట్యూబు, చివరిదాకా చుట్టి పిండింది. బీ కాంప్లెక్స్ గోలీలు. రెండు జొన్న రొట్టెలు, రాయిలా ఎండిపోయి. ఆఫ్ అయిన ఫోను. ఒక కంపెనీ కార్డు.

నిరోష. ప్యాకింగ్ సెక్షన్. జడ్చర్ల.

*

బుధవారం. పదిన్నర.

జడ్చర్లకు ఎనిమిది కిలోమీటర్ల లోపల ఒక పల్లె. నిరోష అమ్మమ్మ గుర్వమ్మ గడప మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. జూన్ 14న ఆమె ఇచ్చిన ఫిర్యాదు జడ్చర్లలో ఉంది. శైలజ పొద్దున్నే చదివి వచ్చింది. అందులో 'గుర్తులు' అన్న చోట ఒకే వాక్యం: ముందు పండ్ల మీద అడ్డగీత.

రెండున్నర గంటల ప్రయాణమంత దూరంలో ఆ గీత ఉన్న శవం దొరికింది. కానీ దానికి అప్పటికే ఒక పేరు పెట్టేశారు. పేరున్న శవాన్ని ఎవరూ వెతకరు.

"అవ్వా, ఈ గీత ఎప్పటిసంది ఉండె?"

"కొత్త పండ్లు మొలిచిన కాడికెల్లి. దాని అవ్వ, నాయిన డ్యాము పనికి పొయిన్రు. హిందీ దేశం. పోరి పుట్టింది ఆడనే. ఆడ గోధుమ రొట్టె చాయల ముంచి పెడ్తుండె. నాలుగేండ్లకు నా కాడికి తెచ్చిన్రు. పొట్ట కుండలెక్క, కాళ్లు పుల్లలెక్క. నేను జొన్న గట్క పెట్టిన, జొన్న రొట్టె పెట్టిన. ఆర్నెల్లల్ల తేరుకుంది. నా చేతి గుణమన్నరు."

"నోరు ఎప్పటిసంది పూస్తుండె?"

"కంపెనీల చేరినంక. ఆడ రెండు పూటల చపాతీలు. నోరు పూసిందే అవ్వా అనేది. కంపెనీ గాలి పడ్తలేదే అన్న. జొన్న రొట్టె తిన్నన్ని దినాలు మంచిగుంటుండె." శైలజ మొహంలోకి చూసింది. "నువ్వు అప్పటిసంది ఉండె, పూస్తుండె అనే అడుగుతున్నవ్ బిడ్డా."

శైలజ సంచి తీసి ముందు పెట్టింది. గుర్వమ్మ సంచిని ముట్టుకోలేదు. లోపల ఏముందో అడగలేదు.

"ఎన్నడు?"

"జూన్ పదకొండు."

గుర్వమ్మ వేళ్ల మీద నెలలు లెక్కబెట్టింది. రెండు నెలలు దాటింది. అంతే. లేచి లోపలికి వెళ్లి పొయ్యి మీద ఉన్నదాన్ని దించి వచ్చింది.

*

ఆగస్ట్ 22. గురువారం. మధ్యాహ్నం రెండూ పది.

కృష్ణకాంత్ గదిలో ఓపీ అయిపోయింది. ఈదమ్మకు మామూలు కుర్చీ పనికిరాదు. వెనక్కి వాలే డెంటల్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఐలేశం తలుపు పక్కన. పరశురాములు తలుపుకు అడ్డంగా. డాక్టరు గోడకు ఆనుకుని.

శైలజ నిలబడే మాట్లాడింది.

"క్వారీలో చచ్చిపోయింది సుహాసిని కాదు. నిరోష. ఎవ్వరూ చంపలేదు. ఆ పిల్ల నోటి విషయంలో మనం మూడు తప్పులు చేసినం. పుండ్లు చూసి గడ్డి మందన్నం. అవి నెలల సంది ఉన్న పుండ్లు. గీత చూసి ఫ్లోరైడ్ అన్నం. అది రెండేళ్ల పిల్ల తిన్న రొట్టె. మూడోది, అరుపు వినబడలేదు కాబట్టి చచ్చినంకే నీళ్లల్ల పడేసిన్రన్నం. ఊపిరితిత్తుల్లో నీళ్లున్నయని పోస్ట్‌మార్టంలోనే రాసి ఉంది. చివరిదాకా ఎవరూ చదవలేదు. ఆమె ప్రాణంతోనే పడింది. పుక్కిలించేదాక మాట్లాడొద్దన్నరు. వంగింది. ఒంట్లో రక్తం లేని మనిషి, కళ్లు తిరిగినయేమో. జారింది."

"నోరు తెర్వొద్దన్నందుకే అరవలేదా మేడం?" అన్నాడు ఐలేశం.

"మునిగే మనిషికి అరుపు రాదు. అందుకా, ఇందుకా అన్నది నాకు తెలియదు. నీకూ తెలియదు."

ఐలేశం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోలీసులు తప్పు చూసిన్రు," అంది శైలజ. "మొదట పోస్ట్‌మార్టం డాక్టరు తప్పు చూసిండు. ఆయన ఈ జిల్లాకు కొత్త. ఆ రోజు తప్పు చూడని మనిషి ఒక్కరే, ఈ గదిలోనే ఉంది."

ఆమె డెంటల్ కుర్చీ వైపు తిరిగింది.

"ఈదమ్మా, యాభై ఏండ్ల సంది నువ్వు ఆ నీళ్లే తాగినవ్. నీ నోట్ల అవే పండ్లు. నీ బిడ్డ నోట్ల అవే. ఊరంతా అవే. ఫ్లోరైడ్ పండ్లు ఎట్లుంటయో ఈ డాక్టరుగారు పుస్తకంలో చదివిండు. నువ్వు చదవాల్సిన పని లేదు. గుడ్డ ఎత్తంగనే నీకు తెలిసింది."

"ఉబ్బింది గదా బిడ్డా. కండ్లకు నీళ్లు కమ్మినయి..."

"అట్లనే అనుకున్న. మీ ఇంటికొచ్చేదాక. మారయ్య ఫొటోకు దండ ఉంది, బొట్టుంది, లైటుంది. బిడ్డ చచ్చి రెండు నెలలు. ఫొటోకు దండెయ్యలే. బతికున్నోళ్ల ఫొటోకు దండేస్తే కీడు. పోలీసులకు చెప్పినవ్, ఊరికి చెప్పినవ్, పదకొండోనాడు అందరికి అన్నం పెట్టినవ్. దండ మాత్రం వెయ్యలేకపోయినవ్. చపాతీలు తింటుండె అనలేదు. తింటది అన్నవ్."

ఈదమ్మ చేతులు కుర్చీ చేతుల మీద ఉన్నాయి. పన్ను పీకించుకునేవాళ్లు పెట్టినట్టే.

"ఆదివారం పొద్దుమీకి వచ్చింది," అంది చివరికి. ఎవరికీ అక్కరలేని విషయం చెబుతున్నట్టు. "దవడ వాసింది. ఈసారి పోతే సంపుతడే అన్నది. రెండుసార్లు మీ టేషన్‌కే వచ్చినం. రెండుసార్లు మీరే వాని ఎంబడి తోలిన్రు. మూడోసారి రాలే. ఆలేరు పంపిన. మా ఎరికైన సత్తమ్మ ఆడ మెస్సు నడుపుతది."

"ఆ గురువారం మావాళ్లు పిలిచారు."

"గుడ్డ ఎత్తిన. నా బిడ్డ గాదు. పానం నిమ్మలమైంది. ఇంతల సారు అడిగిండు, గుర్తువట్టినవా అని. ఎనక నరేశ్ నిలబడ్డడు. కాదంటె మళ్ల ఎతుకుతడు. సచ్చిందంటె ఎతకడు. గంతే ఆలోచించిన. వాడు జైలుకు పోతడని గూడ అనుకోలే. పోయినంక మంచిదే అనుకున్న."

"ఉరి పడితే?"

"పడనీ అనుకున్న ఒక దినం. పడొద్దు అనుకున్న ఇంకో దినం. ఆ తర్వాత ఏం అనుకోలే. పొద్దుగాల లేచుడు, పనికి పోవుడు."

"ఆ పిల్లకు కూడా ఎవరో ఉంటారని?"

కృష్ణకాంత్ గ్లాసుతో నీళ్లు ఇచ్చాడు. ఆమె తాగలేదు, పట్టుకుని కూర్చుంది.

"అబద్ధం చెప్పినందుకు కేసు రాయక తప్పదు," అంది శైలజ. "మా స్టేషన్ రెండుసార్లు ఏం చేసిందో కూడా అందులోనే రాస్త. కోర్టు చూసుకుంటది. కానీ జడ్చర్ల దిక్కు ఒక అవ్వ ఉంది. పిల్ల చచ్చిందని నేను చెప్పిన. ఎవరు పూడ్చిన్రు, ఎందుకు పూడ్చిన్రు, అది చెప్పలేదు. అది నువ్వే చెప్పాలె."

*

సోమవారం సుహాసిని మేజిస్ట్రేటు ముందు హాజరైంది. బతికే ఉన్నానని చెప్పింది. దవడ మీద మచ్చ చూపించి ఇంకో ఫిర్యాదు ఇచ్చింది. ఎక్కడ ఉంటున్నదో కాగితంలో రాయలేదు. నరేశ్ హత్య కేసులోంచి బయటపడ్డాడు. భార్యను చంపలేదని రుజువైంది. కొట్టాడన్నది మిగిలింది. ఈసారి చాయ్ తెప్పించలేదు.

మంగళవారం, ఆగస్ట్ 27. ఎర్రగుంటపల్లి ఊరి బయట. డీఎన్‌ఏ కోసం గోరీ తవ్వాలి. తహసీల్దారు వచ్చాడు. ఇద్దరు కూలీలు పారలతో నిలబడ్డారు.

గుర్వమ్మ జీపు దిగి మట్టిదిబ్బ దగ్గర కూర్చుంది. ఈదమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. చెప్పాల్సింది చెప్పింది. ఐదు నిమిషాలు పట్టింది. శైలజ వినబడనంత దూరం వెళ్లలేదు.

గుర్వమ్మ అంతా విన్నది.

"ఏం బట్ట కట్టినవ్?"

"పచ్చ చీర. నా బిడ్డకని కొని పెట్టింది."

"నీళ్లు ఎవలు పోసిన్రు?"

"నేనే. పోస్టుమార్టమైనంక మొత్తం పొయ్యనియ్యలే. కాళ్ల మీద పోసిన."

"నోట్ల బియ్యం పెట్టినవా?"

"పెట్టిన."

"ఏడ్చినవా?"

"ఏడుపు రాలే అవ్వా. నా బిడ్డ బతికుందని ఎరికే గదా. మంది చూస్తరని కొంగు అడ్డం పెట్టుకున్న."

గుర్వమ్మ తల ఊపింది. కోపం లేదు. లెక్క సరిచూసుకున్నట్టు ఊపింది.

"గట్లైతె నా పిల్లకు ఇంతదాంక ఎవ్వలు ఏడ్వలే అన్నట్టు."

తహసీల్దారు వాచీ చూసుకున్నాడు. పరశురాములు ఆయన పక్కకు వెళ్లి ఏదో చెప్పాడు. ఆయన మళ్లీ చూసుకోలేదు.

"కూసో," అంది గుర్వమ్మ. "వారం దినాల సంది నాకు గూడ వస్తలేదు."

ఈదమ్మ కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పట్టలేదు. ఆమె అడగలేదు. ఇద్దరూ మట్టిదిబ్బకు చెరో పక్క కూర్చున్నారు. పదీ నలభైకి శైలజ కూలీలకు సైగ చేసింది. మొదటి పార దిగింది.

గుర్వమ్మ నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్లీ తెరిచింది.

ఈదమ్మే ఏడుపు మొదలుపెట్టింది. ఈసారి పేరు సరిగ్గానే పిలిచింది.